ఎం.ఓ. చీటీలు చెప్పే బెజవాడ

సెషన్సు కోర్టులో ప్రతి హత్య కేసుకీ ఒక మూట ఉంటుంది. పోలీసులు బ్రౌను కాగితంలో చుట్టి, పురికొస కట్టి, లక్క సీలు వేసి పంపిన కత్తి. రక్తం ఎండి అట్టకట్టిన చొక్కా. ఒక చెప్పు. చిన్న డబ్బాలో నెత్తురు తడిసిన మట్టి, పక్కనే ఇంకో డబ్బాలో అదే చోటు నుంచి తీసిన మామూలు మట్టి. వీటన్నిటినీ కోర్టు భాషలో ఎం.ఓ.లు, అంటే మెటీరియల్ ఆబ్జెక్టులు, అంటారు. ఎం.ఓ. వన్, ఎం.ఓ. టూ, అలా అంకె వేసుకుంటూ పోతాం. విజయవాడ కోర్టుల్లో బెంచి క్లర్కుగా నా ఉద్యోగంలో పెద్ద భాగం వీటికి చీటీలు అంటించడం, సాక్షి బోనులో నిలబడ్డప్పుడు విప్పి చూపించడం, మళ్లీ కట్టి బీరువాలో పెట్టడం. లంచ్ టైములో చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కునేవాణ్ణి.

బెజవాడ రౌడీయిజం గురించి ఈ ఊళ్లో టీ కొట్టు దగ్గర నిలబడ్డ ప్రతివాడూ ఒక కథ చెబుతాడు. అన్నిట్లోనూ పేర్లుంటాయి, మీసాలుంటాయి, ఫలానావాడు ఫలానా సెంటర్లో ఒక్కడే నిలబడ్డాడని ఉంటుంది. నా చేతుల్లోంచి వెళ్లినవి పేర్లకన్నా ఎక్కువ వస్తువులు. వాటిని వరసగా గుర్తు చేసుకుంటే నాకు తోచింది ఒకటే. ఈ ఊరి కత్తి ఎప్పుడూ డబ్బు చేతులు మారే చోటే లేచింది. ఒకప్పుడు సరుకు, తర్వాత స్థలం, ఆ తర్వాత అప్పు. కోర్టుకి వెళితే ఏళ్లు పట్టే వ్యవహారం ఎక్కడ ఉందో అక్కడ వారంలో తేల్చేవాడు పుట్టుకొచ్చాడు.

1901 జనాభా లెక్కల్లో బెజవాడ పాతిక వేలమంది కూడా లేని ఊరు. అప్పటికే కృష్ణ మీద ఆనకట్ట వచ్చి దాదాపు అర్ధ శతాబ్దం అయింది. కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో 1855కి అది పూర్తయింది. 1888లో మునిసిపాలిటీ అయింది. 1890ల మొదట్లో నది మీద రైలు వంతెన పడి మద్రాసు లైను కలిసింది. డెల్టాలో పండిన ధాన్యం బందరు కాలవలోనో ఏలూరు కాలవలోనో పడవ మీద వచ్చి ఇక్కడ రైలెక్కేది. తర్వాత లారీలొచ్చాయి. ఏ సరుకైనా బెజవాడలో ఒక బండి దిగి ఇంకో బండి ఎక్కాల్సిందే. 1951కి జనాభా లక్షా అరవై వేలు. 1957లో ప్రకాశం బ్యారేజీ పూర్తయింది. 1981కి నాలుగున్నర లక్షలు దాటి ఊరు కార్పొరేషన్ అయింది. 2011కి పది లక్షలు. పొరుగున గుంటూరూ పెరిగింది, రాజమండ్రీ పెరిగింది, వాటికి ఇంత చెడ్డపేరు రాలేదు. జనం పెరిగినంత మాత్రాన హత్యలు పెరగవు. జంక్షన్‌లో పెరుగుతాయి.

మా నాన్న తారాపేట గూడ్సు షెడ్డులో ఒక ముఠా మేస్త్రి దగ్గర లెక్క రాసేవాడు. ముఠా అంటే బస్తాలు దించే, ఎక్కించే కూలీల జట్టు. ఏ ముఠాకి ఏ షెడ్డు, ఏ కొట్టు, ఏ మిల్లు అనేది కాగితం మీద ఎక్కడా ఉండదు, కానీ అందరికీ తెలుసు. మన ఇంటి సామాను మనమే దించుకుంటామన్నా కుదరదు. కూలి ఇచ్చి పక్కన నిలబడాల్సిందే. బస్తాకి ఇంత అని వ్యాపారి ఇస్తాడు, అందులో మేస్త్రి వాటా పోను మిగిలింది సాయంత్రం పంచుకుంటారు. కొత్త ట్రాన్స్‌పోర్టు కంపెనీ తెరుచుకుందంటే దాని గుమ్మం ఎవరిదనే తగాదా మొదలయ్యేది. ఆ తగాదాలో వాడింది బస్తా లాగే ఇనప కొక్కెం. అది ఆయుధం కోసం కొన్నది కాదు, ప్రతి కూలీ నడుముకీ వేలాడేదే. మా నాన్న ముంజేతి మీద దాని గుర్తు చివరిదాకా ఉండేది. కేసు పెట్టలేదు. మేస్త్రి మందు కట్టించి, ఆ వారం కూలి ఇప్పించాడు. ఆయన దృష్టిలో న్యాయం అక్కడితో అయిపోయింది.

ఈ మేస్త్రుల పెత్తనం విరగ్గొట్టడానికే కమ్యూనిస్టులు యూనియన్లు పెట్టారు. బెజవాడ ఆ రోజుల్లో ఎర్రజెండా ఊరు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేటప్పుడు రాజధాని ఇక్కడే ఉండాలని గట్టిగా పట్టుబట్టింది వాళ్లే. హమాలీలు, రిక్షావాళ్లు, టాక్సీ డ్రైవర్లు, లారీ క్లీనర్లు, మార్కెట్టు కూలీలు, అందరికీ సంఘాలుండేవి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రిక్షా తొక్కడానికి వచ్చినవాళ్లు కృష్ణలంకలో, రాణిగారితోటలో, కాలవ గట్ల మీద గుడిసెలు వేసుకున్నారు. కొందరు కొండలెక్కారు. యూనియన్ కార్డు ఉంటే స్టాండులో చోటుంటుంది, చోటుంటే అన్నం ఉంటుంది. అంత విలువైన కార్డు ఎవరి చేతిలో ఉండాలన్నది ఇంకా విలువైన ప్రశ్న అయింది.

1970ల మొదట్లో చలసాని వెంకటరత్నం హత్య, 1974లో వంగవీటి రాధా హత్య, 1979లో దేవినేని గాంధీ హత్య, ఈ వరసని బెజవాడలో పుట్టినవాడు ఎక్కం అప్పజెప్పినట్టు చెబుతాడు. ఎవరు ఎవరిని చంపించారన్నది నేను రాయబోవడం లేదు. అది తేల్చాల్సిన చోట నా టేబులుండేది, అక్కడ ఎన్ని తేలాయో నాకు తెలుసు. నాకు ముఖ్యమనిపించింది వేరే. మొదట ఈ పేర్ల వెనక ఉన్నది స్టాండులు, యూనియన్లు, కార్మికుల ఓట్లు. పదేళ్లు తిరిగేసరికి వాటి వెనక కులాలొచ్చి నిలబడ్డాయి. కమ్మ, కాపు అనే గీత మా వీధిలో పిల్లలకి కూడా తెలిసిపోయింది. కొక్కేనికి కులం ఉండేది కాదు. ఆ కులం స్టాండుకొచ్చింది, తర్వాత కాలేజీకొచ్చింది, చివరికి వీధికొచ్చింది.

ఆ కాలపు కత్తి సంగతి చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో బీరువాలో ఉన్న కత్తుల్లో చాలా భాగం బజారులో కొన్నవి కాదు. పాత లారీ కమాను పట్టీని కోసి, కొలిమిలో కాల్చి, సాగగొట్టి చేసినవి. మూరెడు పొడుగు, రెండు వేళ్ల వెడల్పు, పిడి దగ్గర రబ్బరు ట్యూబు ముక్క చుట్టి ఉండేది. చెమటకి జారకుండా. అంచు పదునుగా ఉన్నా వెన్ను మొద్దుగా, నల్లగా, సుత్తి దెబ్బల గుంటలతో ఉండేది. చేతిలోకి తీసుకుంటే బరువు ముందుకి లాగేది. ఒకసారి మా సీనియర్ క్లర్కు ఒకదాన్ని వెలుగులోకి తిప్పి చూపించాడు. పిడి దగ్గర కమాను బోల్టు కన్నం సగం అలాగే ఉంది. లారీలు బతికించిన ఊరు కాబట్టి ఇనుముకి కొదవ లేదు. 1960ల్లో ఆటోనగర్ పెట్టారు. బెంజి సర్కిలు దాటాక అక్కడ లారీకి సంబంధించి దొరకనిది లేదు, చేయలేనిది లేదు. పగలంతా బాడీలు కట్టే కొలిమిలో రాత్రిపూట ఇంకోటి కూడా తయారయ్యేదంటే ఆశ్చర్యం ఏముంది?

పిడికి కట్టిన రబ్బరు మీద వేలిముద్ర సరిగ్గా పడదు. ఆ తెలివి ఎవరిదో తెలీదు.

ఇక స్థలాలు. దీని మీద నాకు కొంచెం ఎక్కువ చెప్పాలని ఉంది, ఎందుకంటే రౌడీల సినిమాల్లో ఇది కనపడదు. మా కోర్టు ఆవరణలోనే సివిలు వైపు కూడా నేను రెండు విడతలు పనిచేశాను. 1960 అద్దె నియంత్రణ చట్టం కింద ఇంటి యజమాని అద్దెకున్నవాణ్ణి ఖాళీ చేయించాలంటే రెంట్ కంట్రోలర్ దగ్గర పిటిషన్, దాని మీద అప్పీలు, ఆ పైన హైకోర్టులో రివిజన్ ఉండేవి. బీసెంట్ రోడ్డులో కొట్టుకి తండ్రి వేసిన కేసు కొడుకు చేతికి వచ్చేది. ఆ కొట్టు విలువ ఈలోపు పదింతలయ్యేది, అద్దె మాత్రం అదే. 1976లో పట్టణ భూపరిమితి చట్టం వచ్చింది, విజయవాడకీ వర్తించింది. పరిమితికి మించిన ఖాళీ స్థలాలున్నవాళ్లు రిజిస్ట్రేషన్ లేకుండా అగ్రిమెంట్ల మీద, జీపీఏల మీద, తెల్లకాగితాల మీద అమ్ముకున్నారు. ఒకే స్థలం ఇద్దరికి, ముగ్గురికి అమ్మినవాళ్లున్నారు. అటువంటి కాగితం పట్టుకుని కోర్టుకొస్తే కాగితమే పనికిరాదు. పట్టుకుని ఒక నాయకుడి ఇంటికెళితే పనికొస్తుంది. మధ్యాహ్నం వరండాలో కుర్చీ వేసుకుని ఆయన రెండు పక్షాలూ విని, ఫలానా తేదీకి ఇంత ఇచ్చి ఖాళీ చెయ్యమంటాడు. చెయ్యకపోతే ఏమవుతుందో ఆయన చెప్పడు, వెనక నిలబడ్డ కుర్రాళ్లు చెబుతారు. దీన్నే సెటిల్‌మెంటు అన్నారు. అందులో వాటా ఉంటుంది. ఆ వాటాతో కుర్రాళ్లకి బిర్యానీ, బండ్లు, బెయిళ్లు.

నా మాట కటువుగా ఉండొచ్చు, కానీ అంటాను. గవర్నరుపేటలో పెద్దమనుషులనిపించుకున్న కొందరు పగలు లాయరు దగ్గరికి, సాయంత్రం ఆ వరండాకి వెళ్లారు. రౌడీని పెంచింది పేటలు కాదు, పేటల్లోని స్థలాలు కొన్నవాళ్లు. ప్రభుత్వానికీ ఇది తెలుసు. 1982లో భూ ఆక్రమణల నిషేధ చట్టం, 1986లో ముందస్తు నిర్బంధ (పీడీ) చట్టం తెచ్చింది. ఆ పీడీ చట్టం పేరే చదవండి: సారా కాసేవాళ్లు, బందిపోట్లు, మాదకద్రవ్యాల నేరస్తులు, గూండాలు, అనైతిక వ్యాపారం చేసేవాళ్లు, చివర్లో భూకబ్జాదార్లు. గూండానీ కబ్జాదారునీ ఒకే వాక్యంలో కూర్చోబెట్టింది.

కాలేజీల సంగతి చాలామంది రాశారు కాబట్టి తొందరగా దాటేస్తాను. యునైటెడ్ స్టూడెంట్స్ ఆర్గనైజేషన్ ఒకటి, యునైటెడ్ ఇండిపెండెంట్స్ ఒకటి. మొదటిది దేవినేని వారిది, రెండోది వంగవీటి రంగాది. కాలేజీ ఎన్నికల్లో గెలిచే చైర్మన్ పదవికి జీతం లేదు, కానీ ఊళ్లో దానికి విలువ కట్టేవాళ్లు. సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీలో చదివిన రాంగోపాల్ వర్మ ఆ వాతావరణాన్నే 1989 అక్టోబరులో 'శివ' సినిమాగా తీశాడు. సైకిలు చెయిను తెంచి చేతికి చుట్టుకునే సీను చూసి రాష్ట్రం ఊగిపోయింది. నేను చీటీ అంటించిన వాటిలో మాత్రం అంతకుముందు చెయిను దాదాపు లేదు. కత్తి, గొడ్డలి, ఇనప పైపు, సోడా బుడ్డి. చెయిన్లు సినిమా విడుదలయ్యాకే రావడం మొదలుపెట్టాయి, అవీ చిన్న కొట్లాటల్లో. ఈ సంగతి మా పబ్లిక్ ప్రాసిక్యూటరు గారికి చెబితే, 'మరి వర్మ గారిని సాక్షిగా వేద్దామా' అన్నారు.

1985లో విజయవాడ తూర్పు నుంచి వంగవీటి మోహన రంగా కాంగ్రెస్ ఎమ్మెల్యే అయ్యారు. 1988 మార్చిలో దేవినేని మురళి హత్య జరిగింది. అదే ఏడు డిసెంబరు 26 తెల్లవారుజామున, నిరాహార దీక్షలో ఉన్న రంగాని శిబిరంలోనే నరికి చంపారు. ఆ తర్వాత ఊరూ, చుట్టుపక్కల జిల్లాలూ తగలబడ్డాయి. దుకాణాలు, లాడ్జీలు, సినిమా హాళ్లు, బస్సులు. పదుల మంది చనిపోయారు. రోజుల తరబడి కర్ఫ్యూ. పాలకోసం సడలించే గంటలో మా అమ్మ సందు చివరికెళ్లి వచ్చేది, వచ్చాక తలుపు గడియ పెట్టి మాకు ఏమీ చెప్పేది కాదు. మా సందులో ఒక టైలరు కొట్టు కాలిపోయింది. అతనిది ఆ రెండు కులాల్లో ఏదీ కాదు. కొట్టు మీద బోర్డు ఎవరో నాయకుడి పేరుతో ఉందంతే.

ఈ గొడవలు అంతదాకా రాకముందే, 1983లో విజయవాడకి పోలీసు కమిషనరేట్ వచ్చింది. అంతకుముందు బందరు నుంచి ఎస్పీ చూసుకునేవారు. కమిషనర్‌కి మెజిస్ట్రేటు అధికారాలు ఉంటాయి కాబట్టి నిషేధాజ్ఞలకీ, బైండోవర్లకీ ఎవరినీ అడగనక్కర్లేదు. కె.ఎస్. వ్యాస్ అనే అధికారి రౌడీలని అణిచాడని ఊరు ఇప్పటికీ చెప్పుకుంటుంది. 1993 జనవరిలో హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో ఆయన్ని నక్సలైట్లు కాల్చి చంపినప్పుడు, బెజవాడలో ఆయన కింద దెబ్బలు తిన్నవాడొకడు మా కోర్టు మెట్ల మీద కూర్చుని ఏడవడం చూశాను. ఎందుకో అడగలేదు.

పోలీసుల గట్టితనం పనిచెయ్యలేదని అనను. రౌడీషీటు అంటే ఊరికే పేరు కాదు. పోలీసు స్టాండింగ్ ఆర్డరు 601 ప్రకారం తరచూ శాంతిభద్రతలకి భంగం కలిగించేవాళ్ల మీద, బెదిరించి ఆస్తులు లాక్కునేవాళ్ల మీద, ఆడపిల్లల్ని వేధించేవాళ్ల మీద కూడా తెరవొచ్చు. తెరిచాక ఆదివారం ఆదివారం స్టేషన్‌కి రమ్మంటారు, ఎన్నికలొస్తే ముందు వీళ్లనే పిలుస్తారు. కేసులన్నీ కొట్టేశాక కూడా షీటు మాత్రం అలాగే ఉన్నవాళ్లు నా దగ్గరికి సర్టిఫైడు కాపీల కోసం వచ్చేవాళ్లు. ఒకాయనకి మనవడు పుట్టాడు, షీటు పోలేదు. చట్టం లేకుండా ఉత్తి స్టాండింగ్ ఆర్డర్ల మీద ఇలా నిఘా పెట్టడం కుదరదని 2022 జులైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు సింగిల్ జడ్జి తీర్పిచ్చారు.

అయినా 1990ల్లో ఆ రకం మూటలు తగ్గడానికి లాఠీ ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోను. కాలేజీ ఎన్నికలు ఆగిపోయాయి, కొత్త కుర్రాళ్లు దొరికే తలుపు మూసుకుంది. ఆ తర్వాత ఊళ్లో కాలేజీ అంటే కార్పొరేట్ కాలేజీ అయింది. పొద్దున్న అయిదింటికి స్టడీ అవరుకి లేచే పిల్లాడికి చెయిను పట్టుకునే తీరికెక్కడిది? పాత నాయకుల వారసులు అసెంబ్లీకెళ్లారు, కాంట్రాక్టులు చేశారు, వియ్యాలందుకున్నారు. అపార్టుమెంట్లొచ్చాయి. బ్యాంకులు ఇంటి అప్పులివ్వడం మొదలుపెట్టాక తెల్లకాగితం చెల్లదు, లింకు డాక్యుమెంట్లు కావాలి. 2008లో భూపరిమితి చట్టం కూడా రాష్ట్రంలో రద్దయింది. బ్యాంకు లీగల్ ఒపీనియన్ అడిగిన చోట వరండా కుర్చీకి పని తగ్గింది. దీన్ని ఎవరూ సినిమాగా తియ్యరు.

ఇక్కడ ఊరు మంచిదైపోయిందని అనుకుంటారు. నా బీరువా అలా అనలేదు. కమాను కత్తులు తగ్గుతున్న ఏళ్లలోనే ఇంకో రకం మూటలు నిండాయి. వాటిని విప్పకముందే కిరసనాయిలు వాసన వచ్చేది. కాలిన చీర ముక్క, సగం కరిగిన గాజులు, అగ్గిపెట్టె, అయిదు లీటర్ల ప్లాస్టిక్కు డబ్బా.

ఇటువంటి కేసుల్లో కత్తి ఉండదు, సాక్షులు ఇంట్లోవాళ్లే. అంతా ఒక కాగితం మీద ఆధారపడి ఉంటుంది, మరణ వాంగ్మూలం. ఆసుపత్రి నుంచి కబురొస్తే మెజిస్ట్రేటు గారు వెళతారు. రాత్రి రెండింటికైనా. గదిలోంచి చుట్టాలని బయటికి పంపిస్తారు. ముందు ఆమె స్పృహలో ఉందని డాక్టరు రాసి సంతకం పెట్టాలి. తర్వాత మెజిస్ట్రేటు తన పేరు చెప్పి, నేను పోలీసుని కాదమ్మా అని చెప్పి, నీ పేరేంటి, ఎక్కడున్నావో తెలుస్తోందా, ఎంతమంది పిల్లలు అని అడుగుతారు. ఆ జవాబులు సరిగ్గా ఉంటేనే అసలు ప్రశ్న. ఏం జరిగింది? ఆమె చెప్పింది ఆమె మాటల్లోనే రాయాలి. చివర సంతకం. చెయ్యి కాలి ఉంటే వేలిముద్ర, వేళ్లూ కాలి ఉంటే కాలి బొటనవేలు ముద్ర. కోర్టులో మార్కు చేసేటప్పుడు ఆ ముద్ర కింద 'ఎడమ కాలి బొటనవేలు' అని బ్రాకెట్లో రాసి ఉండటం నేను చాలాసార్లు చూశాను. ఇటువంటి కాగితాలు రెండేసి ఉండేవి కూడా. మొదటి దాంట్లో స్టవ్వు పేలింది. రెండో దాంట్లో అత్త పట్టుకుంది, భర్త పోశాడు. మధ్యలో ఏం జరిగింది? మొదటిసారి తలుపు దగ్గర ఎవరు నిలబడ్డారు?

ఈ హింస 1980ల్లో కొత్తగా పుట్టింది కాదు. 1983లో అత్తింటి క్రూరత్వానికి 498-ఏ, 1986లో వరకట్న మరణానికి 304-బి సెక్షన్లు చట్టంలోకి వచ్చాక దానికి లెక్క పుట్టింది. అంతకుముందు అదే చావు ప్రమాదమనో ఆత్మహత్యనో ఫైలు మూసేవాళ్లు. 1999లో దీపం పథకం కింద గ్యాసు కనెక్షన్లు వచ్చి, ఇళ్లలో కిరసనాయిలు డబ్బాలు పోయాక ఆ వాసన మూటలు పలచబడ్డాయి. ఉరితాడుగా వాడిన చున్నీల మూటలు మాత్రం తగ్గలేదు.

2004లో ఊళ్లోని ఒక కాలేజీలోనే, ప్రేమించలేదని ఒక విద్యార్థినిని నరికి చంపాడు ఒక కుర్రాడు. 2007 డిసెంబరులో ఇబ్రహీంపట్నంలో ఒక హాస్టల్లో ఫార్మసీ చదివే అమ్మాయిని చంపేశారు. ఆ కేసులో కింది కోర్టు శిక్ష వేసిన యువకుణ్ణి హైకోర్టు 2017లో నిర్దోషిగా విడిచిపెట్టింది. అప్పటికి అతను ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు. తర్వాత సీబీఐ కొత్తగా దర్యాప్తు మొదలుపెట్టింది. రౌడీల కాలంలో సాక్షి ఎదురు తిరిగేవాడు. ఈ హాస్టల్ కేసులో సాక్షే దొరకలేదు.

2014లో రాష్ట్రం విడిపోయి, అవతలి ఒడ్డున అమరావతి రాజధాని అనగానే ఈ ఊళ్లో గజం ధర నెలకోసారి మారింది. నేను అప్పుడే అనుకున్నాను, వరండా కుర్చీ మళ్లీ వేస్తారని. వేశారు, కానీ స్థలానికి కాదు, అప్పుకి. 2015 డిసెంబరులో కాల్‌మనీ వ్యవహారం బయటపడింది. ఫోన్ చేస్తే ఇంటికొచ్చి డబ్బిస్తారు, ప్రామిసరీ నోటు, ఖాళీ చెక్కులు తీసుకుంటారు, వడ్డీ తట్టుకోలేకపోతే ఆడవాళ్ల మీదికి వస్తారు. తీసుకున్నది బ్యాంకుల్లో అప్పు దొరకనివాళ్లు. చిన్న కొట్లవాళ్లు, కూలీలు, పిల్లల ఫీజుల కోసం తిరిగే తల్లులు. ఈ కేసుల ఎం.ఓ.లు కత్తులు కావు, చెక్కుబుక్కులు.

2020 మే ఆఖర్లో, లాక్‌డౌన్ ఇంకా పూర్తిగా ఎత్తకముందే, పటమటలో రెండు గుంపులు పట్టపగలు కత్తులూ కర్రలతో కొట్టుకున్నాయి. ఒకడు చనిపోయాడు. దాని వెనకున్నది ఒక అపార్టుమెంటు వాటాల తగాదా, దాన్ని తేలుస్తామని దిగిన ఇద్దరు సెటిల్‌మెంటుగాళ్లు. వీడియో సాయంత్రానికి ప్రతి ఫోన్లోనూ ఉంది. కుర్రాళ్లలో ఎక్కువమందికి పాతికేళ్లకి అటూ ఇటూ వయసు. 1988 తర్వాత పుట్టినవాళ్లు. ఎవరూ నేర్పకుండానే ఎలా వచ్చింది అని టీవీల్లో అడిగారు. నేర్పనక్కర్లేదు. వాటాల తగాదా సివిలు కోర్టుకి వెళితే ఎన్నేళ్లు పడుతుందో ఆ బిల్డర్లకీ తెలుసు, నాకూ తెలుసు.

బ్లేడ్ బ్యాచ్ అని ఇప్పుడు పేపర్లు రాసేవాళ్లు వేరు. రైల్వే స్టేషను, బస్టాండు, కాలవ గట్ల మీద తిరిగే కుర్రాళ్లు, గంజాయి మత్తులో యాభై రూపాయలకి షేవింగు బ్లేడుతో గీస్తారు. తమ చేతుల మీద కూడా గీసుకుంటారు. వాళ్ల వెనక నాయకుడు లేడు, కులం లేదు, యూనియన్ లేదు. రంగా కాలం నాటి రౌడీ వీళ్లని తన వీధిలోకి రానిచ్చేవాడు కాదని మా వయసువాళ్లు గర్వంగా చెబుతారు. ఆ గర్వం నాకు నచ్చదు. ఆ రౌడీ వీధికి కాపలా కాసినందుకు వీధి ఎంత చెల్లించిందో లెక్క రాసినవాడి కొడుకుని నేను.

లెక్కల మాట కూడా ముగించాలి. జాతీయ నేర గణాంకాల సంస్థ 2015 దాకా పది లక్షలు దాటిన 53 నగరాల లెక్కలు వేరుగా ఇచ్చేది. అందులో విజయవాడ ఉండేది. 2016 నుంచి ఇరవై లక్షలు దాటిన 19 మహానగరాలకే పరిమితం చేసింది. అప్పటి నుంచి ఆ నగరాల జాబితాలో మనం లేం. ప్రతి డిసెంబరులో కమిషనర్ గారు పత్రికల వాళ్లని పిలిచి, నిరుటి కన్నా హత్యలు ఇంత శాతం తగ్గాయి, ఇవి ఇంత పెరిగాయి అని చెబుతారు. నిరుటితో పోలిస్తే ఏం తెలుస్తుంది? అందులోనూ కిడ్నాపుల్లో చాలా భాగం పెద్దలు ఒప్పుకోని ప్రేమ పెళ్లిళ్లు. 2012లో పోక్సో, 2013లో నిర్భయ సవరణ వచ్చాక స్త్రీల మీద నేరాల అంకె పెరిగింది. ఎక్కువ జరిగాయో, ఎక్కువమంది చెప్పుకోగలిగారో ఆ అంకె చెప్పదు. 2024 జులై 1 నుంచి కొత్త నేర చట్టాలతో సెక్షన్లే మారాయి. మూడు తరాలుగా ఈ ఊళ్లో 'త్రీ నాట్ టూ' అంటే చాలు, హత్య అని పసివాడికి కూడా అర్థమయ్యేది, ఇప్పుడది 103.

2022 ఆగస్టులో అప్పటి భారత ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ గారు కొత్త కోర్టు భవనం ప్రారంభించారు. అందులో లిఫ్టులున్నాయి. నేను అక్కడ పనిచెయ్యలేదు, చూడ్డానికి వెళ్లాను.

ప్రతి హత్య కేసు తీర్పులో చివరి పేరా ఒకేలా ఉంటుంది. అప్పీలు గడువు ముగిశాక ఎం.ఓ.లని ధ్వంసం చెయ్యాలి. చేస్తాం. కమాను కత్తులు, కాలిన చీరలు, అన్నీ పోయాయి. కేసు కట్టలకీ గడువుంటుంది, అవీ ఏళ్లవారీగా తీసేస్తారు. ఆన్‌లైన్లో దొరికేవి కొత్త తీర్పులే. 1970 నుంచి 1995 దాకా ఈ ఊరి సెషన్సు కేసుల తీర్పుల్లో ఇంకా మిగిలినవాటిని, వాటి వెనక అంటించిన ఎం.ఓ.ల జాబితాలతో సహా, స్కాన్ చేసి భద్రపరచమని న్యాయశాఖ పెద్దల్ని అడుగుతున్నాను. దానికి పెద్ద ఖర్చు కాదు. ఒక గది, ఒక స్కానరు, పాత చేతిరాత చదవగలిగిన ఇద్దరు క్లర్కులు చాలు. చదవడానికి మనిషి కావాలంటే నేను వస్తాను.